బూడిద రంగు చుక్క

తుపాను నీళ్ళు గోదాంలోకి వచ్చిన వారం,
కంబాదోస్ రేవులో ఆల్చిప్పల డబ్బాల కంపెనీకి
ఉషీయా తన ఇంటి ల్యాప్‌టాప్ మోసుకొచ్చింది,
రొట్టెల సంచిలో, తువ్వాలు చుట్టి.

ఆఫీసు కంప్యూటరు ఉప్పునీళ్ళు తాగి చచ్చిపోయింది.
"దీన్ని మనవాళ్ళలో కలుపు, బ్రైస్.
సోమవారానికి బిల్లులు వెళ్ళాలి" అంది.

మూత తెరిచాను.
మీటల సందుల్లో గోధుమపిండి.
తెర మీద ఆమె కూతురు గీసిన పడవ,
అందులో పడవకన్నా పెద్ద పిల్లి.
పక్కన ఓ చీటీ: ఉల్లిపాయలు, బల్బు,
గురువారం పంటి డాక్టరు.

సెట్టింగుల లోపలికి, ఇంకా లోపలికి వెళ్ళాను.
అక్కడ రెండు గుండ్రటి చుక్కలు,
వర్క్‌గ్రూప్, డొమైన్.
రెండోది బూడిద రంగులో ఉంది.
నొక్కాను. మళ్ళీ నొక్కాను.
చచ్చిన చేప కన్ను నొక్కినట్టుంది.

హోమ్ ఎడిషన్ మరి.
తన పాస్‌వర్డ్ తనే దాచుకుంటుంది,
ఎవరికీ లెక్క చెప్పదు.
కొలువులో వంగే నడుం దీనికి పెట్టలేదు;
పెట్టారో ఏమో, తాళం వేసి
తాళంచెవి విడిగా అమ్ముతున్నారు.

ఆ తాళంచెవి నా జేబులోనే ఉంది.
ఐదేసి అక్షరాలు, ఐదు గుంపులు,
కంపెనీ డబ్బుతో కొన్నది.
కొడితే ఇరవై నిమిషాల పని.

"కొడితే ఏమవుతుంది?"

ఏమని చెప్పను.
మా తాత కొండకింది ఊరికి ఇల్లరికం వెళ్ళాడు.
పోయేదాకా ఆయన్ని అందరూ
మామగారి ఇంటి పేరుతోనే పిలిచారు.
అట్లాంటిదే, అన్నాను.
దీని పేరు అకౌంట్స్ పద్నాలుగు అవుతుంది.
గడియారం ఐదు నిమిషాలు తేడా పడితే
సర్వర్ గుమ్మం తీయదు.
తొంభై రోజులకోసారి పాస్‌వర్డ్ మార్చాలి.
తెర మీద కంపెనీ నీలం, కంపెనీ చిప్ప.

"పిల్లి?"

పోతుంది.

ఉషీయా కిటికీలోంచి చూసింది.
నీళ్ళ మీద ఆల్చిప్పల తెప్పలు
గొలుసులు లాక్కుంటూ అక్కడక్కడే ఊగుతున్నాయి.
"మా అమ్మ ఇక్కడే ఇరవై ఆరేళ్ళు చిప్పలు ఒలిచింది.
జీతం కవరు మీద నూట పన్నెండు అని ఉండేది."
అంతే అంది.
తర్వాత, "ఇంకో దారి లేదా?"

ఉంది. నా వృత్తికి నచ్చని దారి.
చుట్టంలా రావడం.
బిల్లుల ఫోల్డరు గుమ్మం దాకా వచ్చి
ఎవరో ఏమిటో చెప్పుకుని,
పని చూసుకుని వెళ్ళిపోవడం.
ప్రింటరు పేరు పెట్టి పిలిస్తే పలకదు,
దాని నంబరు గుర్తుపెట్టుకోవాలి.
రేపు వస్తే రేపు మళ్ళీ తలుపు తట్టాలి.

"తడతాను" అంది.

జెడ్ అని ఓ డ్రైవు పుట్టింది.
మొదటి బిల్లు బయటికొచ్చింది,
పోర్తోకి మూడు వందల నలభై పెట్టెలు,
కాగితం ఇంకా వెచ్చగా ఉంది.
తెర మీద పిల్లి, దాని కింద పడవ.
పిల్లి మీసాల దగ్గర ఫోల్డరు పెట్టింది ఉషీయా,
పక్కకు జరపలేదు.

సాయంత్రం గేటు దగ్గర
ఫెర్మీన్ రిజిస్టరు నా వైపు తోశాడు.
పదకొండేళ్ళుగా ఇక్కడి తీగలన్నీ నేను లాగినవే.
సర్వర్‌కి పేరు పెట్టిందీ నేనే.
నాది కాంట్రాక్టు.
మెడలో పసుపు బిళ్ళ మీద 'సందర్శకుడు' అని ఉంటుంది,
వెళ్ళేటప్పుడు తీసి మేకుకు తగిలించాలి.

తగిలించాను.
జేబులో ఇరవై ఐదు అక్షరాలు తగిలాయి.

వచ్చిన వేళ, వెళ్ళిన వేళ రాశాను.
'ఎవరి కోసం వచ్చారు' అన్న గడిలో
ఎప్పుడూ సర్వర్ అని రాసేవాణ్ణి.
ఇవాళ పిల్లి అని రాశాను.

ఫెర్మీన్ చదవలేదు.
ఎప్పుడూ చదవడు.